35 ఓట్ల మెజారిటీ

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర చిన్న పంచాయతీ. ఈసారి బీసీ మహిళకు రిజర్వు కావడంతో డిసెంబర్‌లో నేను సర్పంచ్‌గా నిలబడ్డాను. నా గుర్తు కత్తెర. ఉంగరం గుర్తు ఆమెకు 498 ఓట్లు వచ్చాయి, నాకు 463. పై ఊరి ఆమెకు 301, నాలుగో ఆమెకు 124. నోటాకు 9 పడితే, చెల్లనివి 31. ఓడినందుకంటే, ఎవరి వల్ల ఓడానో తలచుకుంటే నిద్ర పట్టడం లేదు. ఆ నాలుగో ఆమె పరాయిది కాదు. మావారి చిన్నాన్న కోడలు, నాకు తోటికోడలు వరస. విత్‌డ్రా చివరి రోజు దాకా పెద్దమనుషులు చెప్పినా వినలేదు. ఆమెకు డిపాజిట్ కూడా రాలేదు, మా ఓట్లు మాత్రం చీలిపోయాయి. పై ఊరికి మేం ఒక్కసారే పోయాం, వాళ్ల మనిషి నిలబడ్డది కదా, పోయి లాభమేంటని. బత్తాయి తోట మీద వచ్చిన పైసలన్నీ ఇందులోనే పోయాయి.

మా తమ్ముడు మెల్‌బోర్న్‌లో ఉంటాడు. "అక్కా, ఇక్కడి పద్ధతిలో లెక్కపెడితే నువ్వే సర్పంచ్‌వి. 36 శాతం వచ్చినామె గెలుసుడేంది? మన చట్టమే తప్పు" అంటాడు. ఆ లెక్కంతా ఊరి వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టాడు. అప్పటి నుంచి గొడవలే. వేరే దేశంలో అయితే నేను నిజంగా గెలిచేదాన్నా? మన చట్టం తప్పేనా? కోర్టుకు పోవచ్చా? సంక్రాంతికి తోటికోడలి ఇంటివాళ్లను పిలవాలని అత్తమ్మ పట్టుబడుతోంది. నాకు మనసు ఒప్పడం లేదు. ఏం చేయమంటారు?

- ఒక సోదరి, నల్లగొండ జిల్లా

జవాబు: చెల్లెమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి అంకెల కోసం, రెండోసారి తోటికోడలి కోసం. అంకెలతోనే మొదలుపెడతాను. మీ తమ్ముడు నిప్పు రాజేసింది వాటితోనే కదా.

ఊళ్లో అందరూ ఏమని ఉంటారు? "ఉంగరం 35 ఓట్ల మెజారిటీతో గెలిచింది" అని. మన దగ్గర మెజారిటీ అంటే మొదటివాళ్లకూ రెండోవాళ్లకూ ఉన్న తేడా. పేపర్లలో అట్లనే రాస్తారు, టీవీలో అట్లనే చెబుతారు. నేను ముప్పై ఏళ్లు డిగ్రీ కాలేజీలో రాజనీతి శాస్త్రం చెప్పాను, క్లాసు బయట నేనూ అట్లనే అంటాను. కానీ ఆస్ట్రేలియా వాళ్ల దిగువ సభ ఎన్నికలోనైనా, ఫ్రాన్స్ అధ్యక్ష ఎన్నికలోనైనా గెలుపుకు కావలసిన మెజారిటీ అంటే సగానికి మించి ఓట్లు. మీ ఊళ్లో నలుగురికీ పడ్డవి కలిపితే 1,386. సగం దాటాలంటే 694 రావాలి. ఆ లెక్కన ఉంగరం ఆమెకు మెజారిటీ రాలేదు. మీకూ రాలేదు. తమ్ముడు అక్కడి అర్థాన్ని పట్టుకొచ్చి ఇక్కడి ఫలితానికి తగిలించాడు.

మన చట్టం సగం అడగదు. అందరికంటే ఒక్క ఓటు ఎక్కువ వస్తే చాలు. ఇది మనకు బ్రిటన్ నుంచి వచ్చిన పద్ధతి. కెనడాలో ఇదే, అమెరికాలో చాలాచోట్ల ఇదే. బ్రిటన్‌లో 2024లో లేబర్ పార్టీ 34 శాతం లోపు ఓట్లతో 63 శాతం సీట్లు గెలుచుకుంది. 36 శాతం వచ్చినామె సర్పంచ్ కావడం మీ తమ్ముడికి వింతగా ఉంటే, ఒక దేశం ప్రభుత్వమే అంతకంటే తక్కువతో వచ్చిందని చెప్పండి. అది మంచిదా అంటే వేరే మాట. బ్రిటన్‌లోనూ దాని మీద రోజూ తగువులాడుకుంటారు.

ఇప్పుడు మెల్‌బోర్న్ లెక్క. అక్కడ దిగువ సభకు ఓటు వేసేటప్పుడు ముద్ర వేయరు. పెన్సిల్‌తో ఒకరికి 1, ఇంకొకరికి 2, ఇంకొకరికి 3, ఇలా పోటీలో ఉన్న అందరికీ అంకెలు వేయాలి. ముందు 1 అంకెలు లెక్కపెడతారు. ఎవరికీ సగం దాటకపోతే అందరికంటే తక్కువ వచ్చిన మనిషిని పక్కకు తప్పించి, ఆ పేపర్ల మీద 2 ఎవరికి వేశారో చూసి వాళ్ల కట్టలో కలుపుతారు. ఒకరికి సగం దాటేదాకా ఇదే పని.

మీ తమ్ముడు చేసిన లెక్క నేను ఊహించగలను. తోటికోడలి 124 ఓట్లు మొత్తం మీకు కలిపి ఉంటాడు. మీకు 587. తర్వాత పై ఊరి ఆమెను తప్పించి, ఆమె 301 ఓట్లను చెరి సగం పంచి ఉంటాడు. మీకు 737, ఉంగరానికి 649. అక్క గెలిచింది!

నేనూ ఒక లెక్క వేస్తాను చూడండి. తోటికోడలి 124లో మీకు 70, ఉంగరానికి 34, పై ఊరి ఆమెకు 20 పోయాయనుకుందాం. అప్పుడు మీకు 533, ఉంగరానికి 532, పై ఊరికి 321. ఇక పై ఊరి ఆమె తప్పుకుంటుంది. ఆ 321లో 200 ఉంగరానికి, 121 మీకు. ఉంగరం 732, కత్తెర 654. అక్క ఓడిపోయింది. అదీ 35తో కాదు, 78తో.

రెండు లెక్కల్లో ఏది నిజం అంటే, రెండూ కావు. ఆ గులాబీ బ్యాలెట్ పేపర్ల మీద 2 అనే అంకె ఎవరూ వేయలేదు. మీ తోటికోడలికి ఓటేసిన 124 మందిని రెండో మాట ఎవరూ అడగలేదు. వాళ్లందరూ మీ చుట్టాలే, ఆమె లేకపోతే మీకే వేసేవాళ్లు అని మీరనుకుంటున్నారు. కావచ్చు. కానీ మీరు పోటీలో ఉన్నారని తెలిసీ ఆమెకు వేసినవాళ్లు వాళ్లు. అందులో కొందరు ఆమె మీద ప్రేమతో వేసి ఉంటారు, కొందరు మీ మీద కోపంతో వేసి ఉంటారు. చుట్టరికం ఓటరు జాబితాలో రాసి ఉండదు.

ఇంకో మాట మీ ఉత్తరంలోనే ఉంది, మీరు గమనించారో లేదో. పై ఊరికి ఒక్కసారే పోయామన్నారు. మన పద్ధతిలో అది తెలివైన పనే; మీకు వేయనివాళ్ల గడపలో పొద్దు ఎందుకు వృథా చేయాలి? ఆస్ట్రేలియా పద్ధతి ఉంటే మీరు రోజూ పై ఊరికే పోయేవాళ్లు. "మీ మనిషికే ఒకటి వేయండి, కాదనను, నాకు రెండు వేయండి" అని ఇల్లిల్లూ తిరిగేవాళ్లు. ఉంగరం ఆమె కూడా పోయేది. తోటికోడలిని విత్‌డ్రా చేసుకోమని పెద్దమనుషులను పంపే పనే ఉండేది కాదు. ఇద్దరూ కూర్చుని "నీవాళ్లతో నాకు రెండు వేయించు, నావాళ్లతో నీకు వేయిస్తా" అని ఒప్పుకునేవాళ్లు. అక్కడి పార్టీలు అచ్చంగా ఆ పనే చేస్తాయి. ఎవరికి ఏ అంకె వేయాలో కార్డులు అచ్చేసి, పోలింగ్ కేంద్రం గుమ్మానికి 6 మీటర్ల అవతల నిలబడి పంచుతాయి. మన దగ్గర 100 మీటర్ల లోపల పోల్ చీటీ చేతిలో పట్టుకుని ప్రచారం చేసినా పోలీసులు తరుముతారు. నియమం మారితే పోటీయే మారిపోతుంది చెల్లెమ్మా. ఒక నియమం కింద పడ్డ ఓట్లను ఇంకో నియమం కింద లెక్కపెట్టడమంటే, కబడ్డీ ఆడి ఖోఖో పాయింట్లు వేసుకోవడమే.

తమ్ముడు చెప్పేది మొత్తం తప్పని నేననను. అతనుండే ఊళ్లోనే 2025 మేలో మంచి ఉదాహరణ జరిగింది. మెల్‌బోర్న్ స్థానంలో గ్రీన్స్ పార్టీ నాయకుడు ఆడమ్ బ్యాండ్ట్‌కు మొదటి అంకెలు అందరికంటే ఎక్కువ వచ్చాయి. చివరికి ఓడిపోయాడు. మిగతావాళ్ల 2, 3 అంకెలు లేబర్ అభ్యర్థికి ఎక్కువగా పోయాయి. అంటే మన పద్ధతిలో గెలవాల్సిన మనిషి అక్కడ ఓడాడు. కానీ ఆయనకు ఆ నియమం ముందే తెలుసు. దాని కిందే అంతకుముందు నాలుగైదుసార్లు గెలిచాడు కూడా.

ఆ చట్టం అక్కడ ఎట్లా పుట్టిందో చెబితే మీకు నవ్వొస్తుంది. 1918లో పశ్చిమ ఆస్ట్రేలియాలో స్వాన్ అనే చోట ఉపఎన్నిక జరిగింది. ఒకే రకం ఆలోచన ఉన్న రెండు పక్షాలు విడివిడిగా పోటీ చేసి ఓట్లు చీల్చుకున్నాయి. మధ్యలో లేబర్ పార్టీ కుర్రాడు, 22 ఏళ్లవాడు, 34 శాతం ఓట్లతో గెలిచాడు. మీ ఇంటి కథే కదా! అధికారంలో ఉన్నవాళ్లు భయపడి, ఇక ముందు చీలిక తమ కొంప ముంచకుండా ఆ ఏడాదే అంకెల చట్టం తెచ్చుకున్నారు. తోటికోడళ్ల గొడవ అక్కడ చట్టం దాకా పోయింది. మంచి పద్ధతే, కానీ పైనుంచి దేవుడు పంపిందేం కాదు.

తమ్ముడికి ఇంకో సంగతి కూడా చెప్పండి. అంకెల ఓటు కోసం మెల్‌బోర్న్ దాకా పోనక్కర్లేదు, నల్లగొండలోనే ఉంది. మన నల్లగొండ-ఖమ్మం-వరంగల్ పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నిక జరిగేది ఆ పద్ధతిలోనే. 2021లో 71 మంది నిలబడితే బ్యాలెట్ పేపర్ దినపత్రిక అంత అయింది. అటు మహబూబ్‌నగర్-రంగారెడ్డి-హైదరాబాద్ స్థానంలో 93 మంది. మొదటి అంకెలతో తేలక, ఒక్కొక్కరిని తప్పిస్తూ, వాళ్ల పేపర్లలో రెండో అంకె వెతుకుతూ, లెక్కింపు రాత్రింబవళ్లు రోజుల తరబడి సాగింది. సిబ్బంది అక్కడే తిని అక్కడే కునుకు తీశారు. ఓట్లేసింది డిగ్రీ చదివినవాళ్లు. అయినా చెల్లనివి వేలల్లో తేలాయి. ఒకటి అని అంకె వేయాల్సిన చోట టిక్కు పెట్టినవాళ్లు, సంతకం చేసినవాళ్లు... ఏం చెప్పమంటారు! మీ ఊళ్లో ముద్ర వేయడానికే 31 చెల్లకుండా పోయాయి. నలుగురికీ అంకెలు వేయమంటే ఎన్ని పోయేవో మీరే ఊహించుకోండి. అట్లని అది మనకు పనికిరాదనను. నేర్పిస్తే నేర్చుకుంటాం. కానీ పొద్దున ఏడింటికి మొదలుపెట్టి ఒంటిగంటకు పోలింగ్ ముగించి, రెండింటికి లెక్క మొదలుపెట్టి, రాత్రికల్లా ఉప సర్పంచ్‌ను కూడా ఎన్నుకుని ఇంటికి పోయే మన పంచాయతీ ఎన్నిక ఆ పద్ధతిలో జరగదు.

ఇక ఫ్రాన్స్. అక్కడ అధ్యక్షుణ్ని ఎన్నుకునేటప్పుడు మొదటి విడతలో ఎవరికీ సగం దాటకపోతే, మొదటి ఇద్దరినే ఉంచి రెండు వారాలకు మళ్లీ ఓటింగ్ పెడతారు. మీ ఊళ్లో అయితే ఉంగరానికీ కత్తెరకూ ముఖాముఖి. వినడానికి న్యాయంగా ఉంటుంది. కానీ చీలిక జబ్బు దానికీ ఉంది. 2002లో మొదటి విడతలో 16 మంది నిలబడ్డారు. వామపక్షం ఓట్లు ఏడెనిమిది ముక్కలై, అప్పటి ప్రధాని జోస్పాన్ 2 లక్షల లోపు తేడాతో మూడో స్థానానికి పోయాడు. రెండో విడతలో మిగిలింది అప్పటి అధ్యక్షుడు షిరాక్, తీవ్ర మితవాది లె పెన్. వామపక్షం వాళ్లు గత్యంతరం లేక, అన్నాళ్లూ తిట్టిన షిరాక్‌కే ఓటేశారు. ఆయనకు 82 శాతం వచ్చింది. మన ఊళ్ల సంగతి ఆలోచిస్తే నాకు ఇంకో భయం. మొదటి విడత అయ్యాక మిగిలే ఆ రెండు వారాలు ఎట్లా ఉంటాయో మీకు చెప్పాలా? బత్తాయి తోట పైసలతో ఆగేది కాదు, తోటే పోయేది.

జర్మనీలో ఒక్కొక్కరికి రెండు ఓట్లు, పార్టీకి వచ్చిన శాతాన్ని బట్టి సీట్లు. ఇజ్రాయెల్‌లో దేశమంతా ఒకే నియోజకవర్గం. అవి సభలకు పనికొచ్చే పద్ధతులు. సర్పంచ్ కుర్చీ ఒక్కటే. 36 శాతం ఆమెకు, 33 శాతం మీకు అని కుర్చీని కోయలేం.

చీలిక ఓట్ల మీద తిట్లు తిన్నది మీ తోటికోడలు ఒక్కతే కాదు. అమెరికాలో 2000లో ఫ్లోరిడా రాష్ట్రం ఎవరిదైతే వాళ్లే అధ్యక్షుడు అన్నంత దగ్గరికి వచ్చింది. బుష్ తన ప్రత్యర్థి గోర్ మీద 537 ఓట్లతో గెలిచాడు. రాల్ఫ్ నేడర్ అనే ఆయనకు అదే రాష్ట్రంలో 97 వేలకు పైగా పడ్డాయి. గోర్ పక్షం వాళ్లు నేడర్‌ను ఇరవై ఏళ్లు తిట్టారు. ఆయన మాత్రం, నేను పోటీ చేయడం నా హక్కు, ఆ ఓట్లు గోర్ సొత్తు ఎట్లా అయ్యాయని అడుగుతూనే ఉన్నాడు. నాకు నేడర్ మాటే సబబు అనిపిస్తుంది. తిట్టేబదులు చట్టం మార్చుకున్నవాళ్లూ ఉన్నారు. మెయిన్ అనే రాష్ట్రంలో 2010లో 38 శాతం లోపు ఓట్లతో ఒకాయన గవర్నర్ అయ్యాడు. జనానికి అది నచ్చలేదు. 2016లో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టి అంకెల పద్ధతి తెచ్చుకున్నారు. 2018లో అక్కడ మొదట వెనకబడ్డ ఒక అభ్యర్థి రెండో అంకెలతో కాంగ్రెస్‌కు గెలిచాడు. గమనించండి, ముందు నియమం మార్చారు, తర్వాత ఎన్నిక పెట్టారు. పాత ఎన్నికను ఎవరూ తిరగరాయలేదు.

మన జిల్లా దగ్గరికి వస్తాను. ఎన్నికల చట్టం ఢిల్లీలో పుడుతుందని అనుకుంటాం గానీ, నల్లగొండ కూడా దాన్ని ఒకసారి మార్పించింది. 1996 లోక్‌సభ ఎన్నికలో ఇక్కడ 480 మంది నామినేషన్ వేసి బరిలో నిలబడ్డారు. ఫ్లోరైడ్ నీళ్లతో కాళ్లు వంకరపోతున్న ఊళ్ల గోడు ఢిల్లీకి వినపడాలని రైతులు, మామూలు జనం వేసిన నామినేషన్లు అవి. డిపాజిట్ అప్పుడు 500 రూపాయలే. అంతమందికి బ్యాలెట్ అచ్చేయలేక ఇక్కడ పోలింగ్ వాయిదా వేశారు. చివరికి వచ్చింది బ్యాలెట్ పేపర్ కాదు, పుస్తకం. నేను ఆ ఎన్నికలో పోలింగ్ డ్యూటీ చేశాను. ఒక ముసలాయన ఆ పుస్తకం చేతిలోకి తీసుకుని, "ఇదంతా సదివినంక ఓటెయ్యాల్నా సారూ?" అని అడిగిన మాట ఇంకా చెవుల్లో ఉంది. ఆ ఏడాదే పార్లమెంటు చట్టం సవరించింది. లోక్‌సభ డిపాజిట్ 10 వేలు అయింది, ఇప్పుడు 25 వేలు. స్వతంత్రులకు పదిమంది ప్రతిపాదకులు కావాలన్నారు.

దీనికి అద్దంలో బొమ్మ లాంటిది కెనడాలో జరిగింది. 2017లో అక్కడి కోర్టు ఒకటి, డబ్బు లేనివాడు పోటీ చేయకుండా డిపాజిట్ అడ్డుపడుతోందని దాన్ని కొట్టేసింది. మంచి ఉద్దేశమే. ఆ తర్వాత ఎన్నికల పద్ధతి మార్చాలని కోరేవాళ్లు ఒక్కోచోట పదుల కొద్దీ నామినేషన్లు వేయడం మొదలుపెట్టారు. 2025 ఆగస్టులో ఆల్బర్టాలో ఒక ఉపఎన్నికలో 214 మంది నిలబడితే, పేర్లు అచ్చేయడం మానేసి ఖాళీ పేపర్ ఇచ్చి, నచ్చిన అభ్యర్థి పేరు చేత్తో రాయమన్నారు. మనం డిపాజిట్ పెంచి పేదవాడి దారి ఇరుకు చేశాం, వాళ్లు తీసేసి బ్యాలెట్‌ను ఆగం చేసుకున్నారు. తప్పెవరిదని అడిగితే నేను చెప్పలేను. సర్పంచ్‌కు మీరు కట్టిన 1,000 రూపాయలు నాకైతే సరిగ్గానే అనిపిస్తాయి.

ఇంకా వెనక్కి పోతే, 1952లో నల్లగొండ ఓటరుకు ఒక్కటి కాదు, రెండు ఓట్లు ఉండేవి. ఇది ద్విసభ్య నియోజకవర్గం. ఒకటి జనరల్, ఒకటి ఎస్సీ. రావి నారాయణరెడ్డి గారు నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిచారని మనం గొప్పగా చెప్పుకునేది ఆ ఎన్నిక గురించే. ఆయనతోపాటు సుంకం అచ్చాలు గారూ ఇక్కడి నుంచే గెలిచారు. ఆ పద్ధతి ఎందుకు పోయింది? 1957లో అటు పార్వతీపురంలో రెండు సీట్లూ గిరిజన అభ్యర్థులకే వచ్చి వి.వి. గిరి గారు ఓడిపోయారు. జనరల్ సీటు నాకు రావాలని ఆయన సుప్రీంకోర్టు దాకా పోయారు. కోర్టు ఒప్పుకోలేదు. ఓట్లు ఎక్కువ వచ్చినవాళ్లదే సీటు అంది. 1961లో పార్లమెంటు ద్విసభ్య నియోజకవర్గాలనే తీసేసింది. ఓడిన గిరి గారు తర్వాత రాష్ట్రపతి అయ్యారు, ఆ ఎన్నిక మాత్రం ఓడినట్టే మిగిలింది.

కోర్టు మాట వచ్చింది కాబట్టి మీ ప్రశ్నకు జవాబు. గెలిచినామెకు సగం రాలేదు అన్న కారణం మీద ఏ కోర్టూ మీ మాట వినదు. మన చట్టం సగం అడగలేదు. లెక్కింపులో తప్పు జరిగిందన్న అనుమానం ఉంటే ఫలితం ప్రకటించక ముందే మీ ఏజెంట్ రీకౌంటింగ్ అడగాలి. ఆ చెల్లని 31 ఓట్లు మీవేనని అనుకుంటున్నారేమో. పోనీ మొత్తం మీకే కలుపుదాం. 494. ఇంకా నాలుగు తక్కువే. ఫ్లోరిడాలో తేడా అర శాతం లోపు ఉంటే అడగకుండానే మళ్లీ లెక్కపెడతారు. మీ తేడా రెండున్నర శాతం, అక్కడైనా ఆ అవకాశం రాదు. డబ్బు పంపిణీ లాంటి కారణాలతో ఎన్నికల పిటిషన్ వేయొచ్చు, గడువు తక్కువ ఉంటుంది, దేవరకొండలో వకీలును కలవండి. కానీ వకీలు అడిగే మొదటి ప్రశ్న మీ బత్తాయి పైసలు ఎక్కడికి పోయాయనే. దానికి మీ దగ్గర జవాబు ఉంటేనే వెళ్లండి.

ఖర్చు సంగతి ఇంకొంచెం చెప్పాలి. అమెరికాలో అభ్యర్థి ఖర్చుకు పరిమితి పెట్టడం వాక్‌స్వాతంత్ర్యానికి అడ్డమని 1976లోనే అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది, ఎంతైనా పెట్టుకోవచ్చు. బ్రిటన్‌లో 1883 నుంచీ పరిమితి ఉంది, మన చట్టానికి ఆ వాసన అక్కడిదే. జపాన్‌లో అయితే ఇంటింటికీ తిరిగి ఓటు అడగడమే నేరం. గడప తొక్కితే కవరు చేతులు మారుతుందని వాళ్ల భయం. మన దగ్గర 5,000 జనాభా లోపు పంచాయతీలో సర్పంచ్ అభ్యర్థికి 1.5 లక్షలు, దాటితే 2.5 లక్షలు. ఓడినవాళ్లకు కూడా లెక్క చెప్పడం తప్పదు. ఫలితం వచ్చిన 45 రోజుల్లోపు ఎంపీడీఓ ఆఫీసులో ఖర్చు వివరాలు ఇవ్వాలి. ఇవ్వకపోతే మూడేళ్లు పోటీకి అనర్హత. ఓడాం కదా ఇంకేం లెక్కలని వదిలేసేవాళ్లు ఊరికొకరు ఉంటారు, తర్వాత ఎంపీటీసీకి నామినేషన్ వేసేనాడు లబోదిబోమంటారు. రశీదులు ఇవాళే వెతకండి.

మన చట్టం తప్పేనా అన్నారు. ఓట్ల లెక్కింపు విషయంలో దాని లోపం మీరు చెప్పిందే: ముగ్గురు నలుగురు గట్టిగా పోటీ పడితే మూడోవంతుతో గెలవొచ్చు. సర్పంచ్ లాంటి ఒకే పదవికి అంకెల పద్ధతి మెరుగని నేను క్లాసులో చెప్పేవాణ్ని, ఇప్పటికీ అదే అంటాను. కానీ అదే చట్టం పుస్తకంలో ఇంకో పేజీ ఉంది. మీరు నిలబడ్డది బీసీ మహిళకు రిజర్వయిన చోట. మన రాష్ట్రంలో స్థానిక సంస్థల్లో సగం పదవులు మహిళలవి. ఆస్ట్రేలియా చట్టంలో ఆడవాళ్లకు ఒక్క సీటు కూడా కేటాయించలేదు. పార్టీలు తమంతట తాము ఇస్తే ఇచ్చినట్టు. అమెరికాలోనూ లేదు. నేపాల్‌లో ఉంది, అక్కడ పార్టీలు మేయర్, డిప్యూటీ మేయర్ రెండింటికీ పోటీ చేస్తే అందులో ఒకరు మహిళ కావాలి. ఫ్రాన్స్ 2000లో పార్టీలు ఆడా మగా సమానంగా నిలబెట్టాలని చట్టం చేసింది. తమ్ముడి లెక్కలో ఈ వరస లేదు. ఆస్ట్రేలియా చట్టమే మన ఊళ్లో ఉంటే, ఉంగరం, కత్తెర, ఆ ఇద్దరూ, మీ నలుగురిలో ఎంతమంది పోటీలో ఉండేవాళ్లు? చాలా ఊళ్లలో మీ నలుగురి బదులు నలుగురు బావలు ఉండేవాళ్లు.

అన్నట్టు, ఆస్ట్రేలియాలో ఓటు వేయకపోతే 20 డాలర్ల జరిమానా. 1924 నుంచి ఉంది, 90 శాతం దాకా ఓటేస్తారు. మునుగోడు ఉపఎన్నికలో 2022లో ఏ జరిమానా లేకుండానే 93 శాతం వేశాం. ఎందుకు వేశామో ఇక్కడ రాయను, మీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఇక మీ అత్తమ్మ మాట. పిలవండి చెల్లెమ్మా. తోటికోడలు చట్టం ఇచ్చిన హక్కుతో నామినేషన్ వేసింది, మీరు వేసినట్టే. పెద్దమనుషులు చెబితే వినలేదన్నారు. తన ఇంట్లో కూర్చుని, నేను చెప్పినా మా అక్క వినలేదు అని ఆమె కూడా అనుకుంటూ ఉండదా? మీ ఇద్దరిలో ఎవరు ముందు అనుకున్నారు, ఎవరు ఎవరి కోసం ఆగాలి అన్నది మీరు ఉత్తరంలో రాయలేదు. నేనూ అడగను. పండుగ రోజు ఓట్ల లెక్క ఎత్తకండి. ఎత్తితే ఆ 124లో ఎన్ని నిజంగా మీవో అన్న చర్చ వస్తుంది, సకినాలు గట్టిపడే దాకా తేలదు.

తమ్ముడితో ఆ వాట్సాప్ పోస్టు తీయించండి. దానివల్ల దెబ్బ తగులుతున్నది ఉంగరం ఆమెకు కాదు, రేపు ఆ ఊళ్లోనే బతకాల్సిన మీకు. అతనికి అంత పట్టుదల ఉంటే పంచాయతీ ఎన్నికల్లో అంకెల ఓటు పెట్టాలని రాష్ట్ర ఎన్నికల సంఘానికీ ఎమ్మెల్యేకూ అర్జీ రాయమనండి, నేనూ సంతకం పెడతాను. ఐదేళ్ల టైముంది.

కొత్త పాలకవర్గం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలి. దానికి మీరు వెళ్లండి. అంతకుముందే ఒక సాయంత్రం పై ఊరికి పోయి రండి. ఎన్నికలప్పుడు ఒక్కసారే వచ్చారని వాళ్లు దెప్పుతారు, దెప్పనివ్వండి.